ఎర్ర గౌను అక్క, పచ్చ గౌను అక్క

వీధిలో ఆయన్ని అందరూ డీటీపీ ఆయన అంటారు. బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు చేసే ఇరుకు గది ఆయనది. అందులో రెండు కంప్యూటర్లు, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఒక ఫ్యాను. ఆయనకు నలభై అయిదు దాటాయి. ఎవరికీ అపకారం చేసిన మనిషి కాదు, సొంత అక్కకు తప్ప.

అమ్మ మంచాన పడ్డ ఏడు నెలలూ చూసుకున్నది అక్కే. ఈయన మాత్రం ఈ ఆర్డరు అవగానే వస్తున్నా, ఆ ఆర్డరు అవగానే వస్తున్నా అంటూ గడిపేశాడు. తీరా వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క ఏడవలేదు, అరవలేదు. "నీ పనులయ్యాయా? ఇంక నా గడప తొక్కకు" అంది. తప్పు తనదేనని ఆయనకూ తెలుసు. ఆ మాట చెప్పడానికే మొహం చెల్లక, ఇవాళ రేపు అనుకుంటూ తొమ్మిదేళ్ళు వెళ్ళదీశాడు.

చిన్నప్పుడు ఇంట్లో టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడే వీడియో గేమ్ ఒకటి ఉండేది. అందులో ఇద్దరు గడ్డం సిపాయిలు గోడలెక్కి దూకేవాళ్ళు. ఎర్రచొక్కా వాణ్ణి తమ్ముడు గోలచేసి లాక్కునేవాడు కాబట్టి పచ్చచొక్కా వాడు అక్కకు మిగిలేవాడు. ఇందులో ఆడపిల్లలే లేరేంట్రా అని అక్క సణిగితే, పెద్దయ్యాక నీ బొమ్మ నేను వేసిపెడతానని తమ్ముడు గొప్పగా మాటిచ్చాడు. పదేళ్ళవాడి మాట కదా, గాలికి పోయింది.

ఈమధ్య ఆయనకు ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. ఆ పాత ఆట ఫైలును నెట్‌లోంచి దించి అందులో తెరిస్తే బొమ్మలన్నీ ముక్కలు ముక్కలుగా తెరమీద పరుచుకుంటాయి. ఒక్కో ముక్కను టైల్ అంటారు. అడ్డంగా ఎనిమిది చుక్కలు, నిలువుగా ఎనిమిది, అంతే. అలాంటివి నాలుగు కలిస్తే ఒక సిపాయి. చుక్కల్ని మార్చుకుంటూ పోతే ఆ సిపాయే ఇంకొకరు అవుతాడు. అది చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పదమూడేళ్ళ అక్కను, రెండు జడలతో, గౌనుతో వేసి పంపిస్తే ఆవిడ మనసు కరుగుతుందేమో. తలుపు తీస్తుందేమో. అంతకు మించిన దారి ఆయనకు తోచలేదు.

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే షట్టరు సగం దించి కూర్చునేవాడు. మొహానికి దక్కింది ఆరు చుక్కల వెడల్పు. నవ్వినప్పుడు కనిపించే పంటి సందు కోసం ఒక నల్లచుక్క పెడితే అక్కకు మీసం మొలిచింది. నాలుక్కరుచుకుని తీసేశాడు. ఒకరోజు జడ కొసన ఒక్క చుక్క పైకి జరిపేసరికి, బొమ్మ పరిగెత్తుతుంటే జడ ఎగిరింది. అచ్చం అక్క పరుగే. బయట ఎవరో షట్టరు తడుతున్నా లేవలేదు. అక్క మీద తనకింత బెంగ ఉందని అప్పటిదాకా ఆయనకే తెలియదు.

రెండు నెలలకు బొమ్మ పూర్తయింది. ఇద్దరాడే ఆట పెట్టి చూస్తే ఎర్రగౌనులో ఒక అక్క, పచ్చగౌనులో ఒక అక్క. తను లేడు. ఆ పాత ఆటలో సిపాయిలిద్దరికీ బొమ్మ ఒకటేనట, రంగులే వేరు. అన్నేళ్ళు ఆడీ అది గమనించలేదు. తన కోసం ఇంకో బొమ్మ వేద్దామంటే ఫైలులో సూది మోపే సందు లేదు. ఒక పూటంతా తల పట్టుకుని, చివరికి ఉండనిచ్చాడు. అవసరమైనప్పుడు లేనివాడు ఆటలో లేకపోతేనేం అనుకున్నాడు.

మేనకోడలు కాలేజీ కాగితాలు ప్రింటు తీయించుకోవడానికి అప్పుడప్పుడూ వచ్చేది. అక్క కబుర్లు ఆయనకు చేరేది ఆ పిల్ల నోటనే. పాత గేము పెట్టె ఇప్పటికీ వాళ్ళ ఇంట్లోనే ఉంది, పనిచేస్తోంది కూడా; క్యాసెట్ మాత్రం ఎప్పుడో పాడైపోయింది. దానికి సరిపోయే ఖాళీ క్యాసెట్లు తెప్పించి, అక్క బొమ్మ ఉన్న ఆటను ఒకదాన్లోకి ఎక్కించి ఆ పిల్ల చేతికిచ్చాడు.

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఐదోరోజు మధ్యాహ్నం మేనకోడలి ఫోన్ నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏరా, రెండు బొమ్మలూ నేనేనా?"

"అవునక్కా. ఇద్దరికీ ఒకటే బొమ్మ. నిన్ను వేస్తే నేను పోయాను. అమ్మ దగ్గరికి అప్పుడు రాలేదక్కా. తప్పు నాదే."

అక్క పెట్టేసిందేమోనని ఆయన ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాడు.

"జడలు బాగా వేశావు" అంది చివరికి. "కానీ ఒక్కదాన్నే ఎవరితో ఆడనురా? నన్ను తీసేసి ఆ గడ్డంవాళ్ళనే మళ్ళీ పెట్టు. పెట్టి, నువ్వే పట్టుకురా."

అక్కను చెరపడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ ఫైలును అలాగే దాచి, పాత ఆటను ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించాడు. అర్జెంటు ఫ్లెక్సీ కోసం వచ్చి నిలబడ్డ మనిషిని రేపు రమ్మని చెప్పి, షట్టరు పూర్తిగా దించి బయల్దేరాడు.