పెళ్ళిచూపులకి జేబులో స్క్రూడ్రైవరు

మనిషన్నవాడు జీవితంలో ఒక్కసారైనా వెధవ అవుతాడు. చాలామంది ఎవరూ చూడనప్పుడు అవుతారు కాబట్టి సంగతి బయటికి రాదు. నేను మాత్రం రాజోలులో ఒక శనివారం పట్టపగలు, కాఫీ ఫలహారాల మధ్య, కాబోయే అత్తమామల ఎదుట, పెళ్ళికూతురు చూస్తుండగా, రెండున్నర గంటలపాటు నిదానంగా, పద్ధతిగా వెధవనయ్యాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా ఇంట్లో పన్నెండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్సు పాఠాలు చెబుతుండేవాణ్ణి. కంప్యూటరుతో నా పరిచయమల్లా ఒక మూడు నెలల కోర్సు. అందులో మొదటి నెల కరెంటు ఉండేది కాదు. రెండో నెల పాఠం చెప్పేవాడు లేడు. మూడో నెలలో అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి పంపేశారు. అయినా మా స్టాఫ్ రూములో నేనే కంప్యూటరు నిపుణుణ్ణి. ఎవరి మిషనైనా మొరాయిస్తే వెళ్ళి, ఆపి, మళ్ళీ ఆన్ చేసేవాణ్ణి. చాలాసార్లు దానికే బాగుపడేది. బాగుపడనప్పుడు "వైరస్సండి" అని తల పంకించి వచ్చేసేవాణ్ణి. వెయ్యిమందిని చంపితేగాని సగం వైద్యుడు కాడంటారు. నేను ఒక్క కంప్యూటరు పొట్ట కూడా విప్పకుండానే పూర్తి వైద్యుణ్ణైపోయాను. చంపాల్సినవన్నీ బాకీ ఉండిపోయాయన్నమాట.

ఆ రోజుల్లో మా మేనత్త రాహేలమ్మ నాకొక సంబంధం తెచ్చింది. రాజోలులో దేవదానం మాస్టారని హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి. ఒక్కతే కూతురు. పేరు కరుణ. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది.

"పిల్ల బంగారంరా ప్రభాకరూ," అంది అత్త. "కానీ ఇప్పటికే నాలుగు సంబంధాలొచ్చి వెళ్ళిపోయేయి. మాస్టారు దేనికీ ఊఁ అనలేదు. ఇప్పుడాయన కంప్యూటరు పాడైపోయి, అన్నం సయించక కూర్చున్నారంట. మావాడు కంప్యూటర్లో మహా గట్టివాడని చెప్పేసేను."

"అలా ఎందుకు చెప్పేవత్తా?"

"నేను చెప్పేనేంటి? ప్రతి పండక్కీ నువ్వు చెప్పేదే వాళ్ళకి అప్పజెప్పేను."

ముందు అత్తా నేనూ వెళ్ళి చూసొస్తే, నచ్చితే అమ్మా నాన్నా తర్వాత వెళ్ళాలని అనుకున్నారు. పెళ్ళిచూపులకి జనం సెంటు రాసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని వెళ్తారు. నేను స్క్రూడ్రైవరు పెట్టుకున్నాను. సిస్టమ్ మళ్ళీ ఎక్కించే సీడీ ఒకటి కాలేజీ నుంచి అడిగి తెచ్చుకుని సంచీలో వేసుకున్నాను. బస్సులో కూర్చున్నప్పుడల్లా ఆ స్క్రూడ్రైవరు పక్కలో పొడుస్తూనే ఉంది. తెలివైనవాడైతే దాన్ని హెచ్చరికగా తీసుకునేవాడు.

దేవదానం మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పొడుగు. "రండి బాబూ, రండి. దయచేయండి అమ్మా. ఎండనపడి వచ్చేరు, కాళ్ళు కడుక్కోండి," అన్నారు. ఆయన భార్య సువార్తమ్మగారు మంచినీళ్ళు, మజ్జిగ, జంతికలు, బెల్లంతో చేసిన కొబ్బరిలౌజు, అరటిపండ్లు, కాఫీ వరసగా పంపించారు. గోదావరి మర్యాదల సంగతి మీకు తెలిసిందే. వద్దంటే రెండు, చాలంటే నాలుగు.

కరుణ వచ్చి కూర్చుంది. గంధపు రంగు చీర, చేతికి వాచీ. ఏం మాట్లాడాలా అని నేను గొంతు సవరించుకునేలోపే మాస్టారు లేచి నిలబడ్డారు.

"మాటలెక్కడికి పోతాయండీ, తర్వాత ఆడుకోవచ్చు. ముందోసారి మా రోగిని చూద్దురుగాని."

పక్క గదిలో కిటికీ దగ్గర బల్ల మీద కంప్యూటరు ఉంది. మాస్టారు మూడేళ్ళుగా దాంట్లో ఒక పుస్తకం టైపు చేస్తున్నారు. పేరు 'మా మూడు తరాలు'. వాళ్ళ తాత పొలాల్లో కూలికి వెళ్తూ, రాత్రిబడిలో దీపం ముందు అక్షరాలు దిద్దుకోవడంతో మొదలవుతుందట. ఆ తాత కొడుకు బడిపంతులయ్యాడు, మనవడు హెడ్మాస్టరయ్యాడు. ఆ కథ చెబుతున్నంతసేపూ మాస్టారి గొంతులో హెడ్మాస్టరు లేడు, మనవడే ఉన్నాడు.

"ఇప్పుడేమైందంటేనండీ," అని ఆయన ఫైలు తెరిచారు, "మూడు రోజుల నుంచి రాసిందంతా వెనక్కి తినేస్తుంది."

నిజంగానే తింటోంది. ఆయన చివర నాలుగు మాటలు కొట్టి చెయ్యి తీశారో లేదో, అక్షరాలు ఒక్కొక్కటే చివరి నుంచి మాయమవడం మొదలుపెట్టాయి. ఎవరూ ఏమీ ముట్టుకోవడం లేదు. వాక్యాలు పోయాయి, పేరాలు పోతున్నాయి.

"చూసేరా! సన్మానసభ తినేసింది. ఇప్పుడు రిటైర్మెంటు తింటుంది. అయ్యో, ప్రమోషను దగ్గరికి వచ్చేసిందండీ!"

"ఇంకాసేపుంటే మన పెళ్ళి కూడా తినేస్తుందండి," అన్నారు వంటింటి గుమ్మంలోంచి సువార్తమ్మగారు. ఆవిడ గొంతులో పెద్దగా బాధేమీ వినిపించలేదు.

నేను చటుక్కున వంగి ప్లగ్గు పీకేశాను. ఆ రోజు మొత్తానికి నేను చేసిన మంచిపని అదొక్కటే.

"వైరస్సండి," అన్నాను తల పంకించి.

"ఆయ్! నేననుకున్నానండీ," అన్నారు మాస్టారు.

కరుణ మాత్రం నా మొహంలోకి చూసి, "ఏ వైరస్సండీ?" అంది.

ఇలాంటి ప్రశ్న మా స్టాఫ్ రూములో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. "లోపలికి దిగిపోయే రకం," అన్నాను. జలుబుకి చెప్పినట్టు చెప్పానని నాకే అనిపించింది. ఆ మాట నిలబెట్టుకోవాలి కదా! అందుకని స్క్రూడ్రైవరు తీసి డబ్బా విప్పాను. లోపల దుమ్ము పిచ్చుక గూడులా పట్టి ఉంది. మెమరీ చిప్పు పీకి, కరుణ ఇచ్చిన రబ్బరుతో దాని పళ్ళు తోమాను. ఫ్యాను మీద ఊదాను. ఆ ధూళంతా లేచి నేరుగా మా అత్త కాఫీలో పడింది. అన్నీ మళ్ళీ బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను.

"ఆ మూడూ వద్దాండీ?" అంది కరుణ.

"అవి అదనంగా ఇస్తారండి," అన్నాను.

ఆన్ చేశాం. ఇదివరకు గుట్టుగా రోగం పడిన మిషను ఈసారి కీ... కీ... కీ... అని ఏడుపందుకుంది. ఆగదే! మాస్టారు నా వంక చూశారు. మా అత్త కాఫీ వంక చూసింది.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. గొంతు బరువు చేసుకుని, "ఫార్మాట్ చెయ్యాలి మాస్టారూ," అన్నాను.

"అంటేనండీ?"

"సీ డ్రైవు శుభ్రంగా తుడిచేసి, సిస్టమ్ కొత్తగా ఎక్కించడం. మీ పుస్తకం డీ డ్రైవులో ఉంటే దానికేం భయం లేదు. ఎక్కడుంది?"

"సీలోనూ లేదు, డీలోనూ లేదండీ. డెస్క్‌టాప్ మీదే ఉంది. తెరవగానే ఎదురుగా కనబడుతుంది కదండీ."

"అయితే ఇంకేం!" అన్నాను.

చదువరులారా, మీలో కంప్యూటరు తెలిసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ళకి ఇంకాసేపటిలో ఎలాగూ తెలుస్తుంది. నాకైతే అప్పటికి తెలియదు.

సీడీ పెట్టాను. 'ఏదో ఒక కీ నొక్కండి' అని తెర మీద వచ్చింది. నేను వేలు ఎత్తేలోపే, ఎవరూ నొక్కకుండానే అది ముందుకి వెళ్ళిపోయింది! బుద్ధున్నవాడు అక్కడ ఆగి, ఆ కీ ఎవరు నొక్కారని ఆలోచిస్తాడు. నాకు మాత్రం నా చేతి మహిమకి మిషను దారికొచ్చిందనిపించింది. "చూసేరా, మాట వింటుంది," అన్నాను కూడా.

అది సాగుతుండగా భోజనాలకి పిలిచారు. రొయ్యలూ మామిడికాయా కూర, పులస లేదని నాలుగుసార్లు క్షమాపణ, గడ్డపెరుగు. విస్తరి ముందు కూర్చుని నేను వైరస్సుల గురించి ఉపన్యాసం ఇచ్చాను. మాస్టారు "ఆయ్, ఆయ్" అంటూ విన్నారు. మా అత్త గర్వంతో మరో రెండు ముద్దలు ఎక్కువ తింది. కరుణ తలొంచుకుని వడ్డిస్తూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి పని దాదాపు అయిపోయింది. వాడేవారి పేరు రాయమని అడుగుతోంది. ఇంగ్లీషులో దేవదానం అని కొట్టాను. 'దేవదా' అయింది. మళ్ళీ కొట్టాను. 'దేవద' అయింది. మూడోసారి అది పూర్తిగా మింగేలోపు మౌసుతో చటుక్కున నొక్కి తప్పించుకున్నాను. తెర వెలిగింది. 'దేవ'కి స్వాగతం చెప్పింది.

"చిన్నప్పుడు మా అమ్మ అలాగే పిలిచేదండీ," అని మాస్టారు మురిసిపోయారు.

కొత్తగా ఒక పేజీ తెరిచి 'దేవునికి స్తోత్రం' అని కొట్టారు. 'దేవునికి స్తో' అయింది. 'దేవునికి' అయింది. 'దేవు' అయింది. ఆ తర్వాత తెల్లటి పేజీ మిగిలింది.

"ఇదేంటండీ బాబూ, దేవుణ్ణి కూడా వదల్లేదు!"

నా చెవులు వేడెక్కాయి. మదర్‌బోర్డు మార్చాలనో, మిషను కాకినాడ పంపాలనో అనబోతున్నాను. కరుణ కుర్చీ వెనక నుంచి వచ్చి, "ఒక్కసారి ఇలా ఇవ్వండి," అని కీబోర్డు తీసుకుంది. దాన్ని బోర్లా తిప్పి బల్ల మీద టపటపా నాలుగు దెబ్బలు వేసింది. కొబ్బరిలౌజు తునకలు గుప్పెడు రాలాయి. వాటి వెనకాలే నల్లచీమలు మూడు బయటికొచ్చి, ఎవర్రా మమ్మల్ని లేపింది అన్నట్టు అటూ ఇటూ చూశాయి. అక్షరాలు చెరిపే కీ కింద బెల్లప్పాకం గడ్డకట్టి, నొక్కిన కీ పైకి లేవకుండా పట్టేసింది. కరుణ తడిగుడ్డతో తుడిచింది.

'దేవునికి స్తోత్రం' అని మళ్ళీ కొట్టింది. అక్షరం కదల్లేదు.

ఎలుక ఉందని తన ఇల్లు తగలబెట్టుకున్నవాడి మీద మనకి సామెత ఉంది. చీమ ఉందని పక్కవాడి ఇల్లు తగలబెట్టినవాడి మీద ఇంకా పుట్టలేదు. పుడితే అందులో నా పేరు వాడుకోవచ్చు.

"లౌజు తింటా రాయొద్దని చెప్తానే ఉన్నాను," అన్నారు సువార్తమ్మగారు.

మాస్టారు అదేమీ వినే స్థితిలో లేరు. కుర్చీ లాక్కుని, "అమ్మయ్య! ఇంక నా మూడు తరాలు తెరవండి బాబూ," అన్నారు.

తెర మీద ఒక్క చెత్తబుట్ట బొమ్మ తప్ప ఏమీ లేదు. నేను అటు నొక్కాను, ఇటు నొక్కాను. డీ డ్రైవులో పెళ్ళిళ్ళ ఫొటోలున్నాయి. ఇంకేమీ లేదు.

కరుణ తొమ్మిదో తరగతికి లెక్క చెప్పే గొంతుతో మెల్లగా అంది: "డెస్క్‌టాప్ మీదవి ఉండేది సీ డ్రైవులోనే కదండీ?"

నాకు అప్పుడు తెలిసింది. మౌసు మెల్లగా వదిలేశాను.

"మాస్టారూ," అన్నాను, "డెస్క్‌టాప్ కూడా సీలోనే ఉంటుందట."

"ఉంటుందట అంటేనండీ?"

"ఉండేదట."

మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు. "మా తాత దీపం ముందు కూర్చున్నది మా నాన్న నోట విని రాసుకున్నానండీ. ఇప్పుడడగడానికి నాన్న లేరు," అన్నారు. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

"తప్పు నాదేనండి," అన్నాను. "నాకు రాదు. ఆపి ఆన్ చెయ్యడం తప్ప నాకేమీ రాదు. ఆ స్క్రూలు కూడా అదనంగా ఇచ్చినవి కావు." మూడు స్క్రూలూ తీసి బల్ల మీద పెట్టాను. మా అత్త కొంగుతో మొహం కప్పేసుకుంది.

కరుణ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "నాన్నగారూ, కంగారు పడకండి. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చేక మీ ఫైలు నాకు నేనే మెయిల్ చేసుకుంటున్నాను. పోయిన ఆదివారం దాకా అంతా ఉంది."

మాస్టారికి ఊపిరి వచ్చింది. నాకు దానికంటే ముందే వచ్చింది.

"అంటే సోమవారం నుంచి రాసిందేనా పోయింది?" అని ఆయన వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. మొహం మళ్ళీ వాడిపోయింది. "పదకొండు పేజీలమ్మా! నా సన్మానసభ మొత్తం! ఎవరెవరు ఏమేం మాట్లాడేరో, ఎవరు ఏ రంగు శాలువా కప్పేరో వరసగా రాసేను!"

తల్లీకూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పదకొండు పేజీలూ ఆ వారమంతా ఆ ఇంట్లో రోజుకి రెండుపూటలా చదివి వినిపించారని నాకు తర్వాత తెలిసింది.

"మళ్ళీ రాస్తాను," అన్నారు మాస్టారు.

"దేవుడు కొట్టేసింది మళ్ళీ రాయకూడదండి," అన్నారు సువార్తమ్మగారు. నా వైపు తిరిగి, ఆ రోజంతటిలో మొదటిసారి మనసారా నవ్వి, "ఇంకో లౌజు తీసుకోండి బాబూ," అన్నారు.

తిరుగు బస్సులో అత్త నాకు దూరంగా వేరే సీట్లో కూర్చుంది. మూడోరోజున కబురొచ్చింది. సంబంధం వాళ్ళకి ఇష్టమేనట! ఆ కబురు నేను ముగ్గురి చేత ఖాయం చేయించుకున్నాను.

పెళ్ళయ్యాక కరుణని అడిగాను. "కీబోర్డు మీద నీకు ముందే అనుమానం ఉంటే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఎంత దూరం వెళ్తారో చూద్దామనుకున్నాను."

"మరి అంత చూసి ఎలా ఒప్పుకున్నావు?"

"ముందొచ్చిన నలుగురూ వాళ్ళ గొప్పలే చెప్పుకుని వెళ్ళేరు. తప్పు నాదేనని ఒప్పుకున్నది మీరొక్కరే."

ఒప్పుకోక ఏం చేస్తాను, సాక్ష్యాలన్నీ బల్ల మీదే ఉంటే! ఆ మాట మాత్రం ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇక నేను చేసిన ఒక ప్రమాణం సంగతి చెప్పాలి. మా ప్రధానం రోజున, అంటే నిశ్చితార్థం నాడు, పాస్టరుగారు ప్రార్థన ముగించి, ఇరువైపులవాళ్ళూ చెప్పుకోవాల్సిన మాటలేమైనా ఉంటే చెప్పుకోమన్నారు. కట్నాలూ కానుకలూ మాట్లాడతారేమోనని అందరూ సర్దుకుని కూర్చున్నారు. దేవదానం మాస్టారు లేచారు.

"మాకేం అక్కర్లేదయ్యగారూ. అబ్బాయి మా ఇంట్లో కంప్యూటరు ముట్టుకోనని అందరి ముందూ ఒక్కమాట అంటే చాలు."

ఇంత పెద్దవిషయానికి పాస్టరుగారు కూడా మొహం గంభీరంగా పెట్టుకున్నారు. "ఏం బాబూ, ముట్టుకుంటావా?"

లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాను. "ముట్టుకోనండి. డబ్బా విప్పను, మెమరీ తోమను, ఫార్మాట్ అనే మాట ఆ ఇంటి గడప లోపల పలకను. దేవుని ఎదుటా, సంఘం ఎదుటా, ఉభయ కుటుంబాల పెద్దల ఎదుటా ఇది నా మాట."

సంఘమంతా ఆమెన్ అంది. సువార్తమ్మగారు అందరికంటే గట్టిగా అన్నారు.

ఆ తర్వాత పెళ్ళిరోజున చర్చిలో ఇంకా చాలా ప్రమాణాలు చేశాను. అన్నింటిలోకీ నేను పొల్లుపోకుండా నిలబెట్టుకున్నది ఆ మొదటిది ఒక్కటేనని మా ఆవిడ అంటుంది.