గుట్ట చుట్టూ ఉరికిన చిన్నమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నడకకు కూడా ఒక కారణం ఉండాలి. చేనుకు పోవాలి, బావికి పోవాలి, లేదంటే పక్క ఊళ్లో పెళ్లికో చావుకో పోవాలి. ఊరికే నడిచేవాళ్లు మాకు తెలియదు. ఇక ఉరకడమంటే ఎవరి పశువులో చేలో పడి ఉండాలి, లేదా ఎవరినో పాము కరిచి ఉండాలి. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన మా చిన్నమ్మ, తెల్లవారుతుండగానే ఎవరికీ చెప్పకుండా బయటికి పోయి చెమటతో తడిసి తిరిగి వస్తోందని తెలిసినప్పుడు ఇల్లంతా ఎలా అయిపోయిందో ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టే ఉంది.

మాది తరిగొప్పుల దగ్గర ఒక పల్లె. ఊరి వెనక చిన్న గుట్ట, దాని చుట్టూ ఎడ్లబండ్లు పోయే బాట. తాత పోయాక ఇంటి పెత్తనమంతా మా నాయనమ్మదే. మా నాన్న తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు, భూపాలపల్లి వైపు గుమాస్తా ఉద్యోగం. శనివారం సాయంత్రం బస్సు దిగితే సోమవారం పొద్దున్నే మళ్లీ బస్సెక్కేవాడు. అక్కడ ఇల్లు దొరికేదాకా చిన్నమ్మ మా దగ్గరే ఉండాలని పెద్దవాళ్లు నిర్ణయించారు. ఆమెది మహబూబాబాద్. మేమంతా మానుకోట అంటాం. రైలు కూత వినబడే ఇంట్లో పుట్టి పెరిగింది. వచ్చేటప్పుడు ఒక ఇనుప పెట్టె తెచ్చుకుంది. దాని తాళంచెవి కొంగుకే ఉండేది.

ఈ మాట మొదట అన్నది పక్కింటి పెద్దమ్మ. ఒకరోజు పచ్చిమిరపకాయలు కావాలని వచ్చి, వాకిట్లో బియ్యం ఏరుతున్న నాయనమ్మ పక్కన కూర్చుంది. "నీ చిన్న కోడలు పొద్దుగాల గుట్ట దిక్కు పోతున్నది, ఒక్కతే. మొగడు సూస్తే ఊళ్లె లేకపాయె. నాకెందుకు గని, నీ చెవుల ఏస్తున్న" అంది. నాయనమ్మ చేట దగ్గరికి లాక్కుంది. రాళ్లు ఏరుతూనే ఉంది. కానీ ఆ రోజు అన్నంలో ఎప్పుడూ లేనన్ని రాళ్లు వచ్చాయి.

ఆనాటి నుంచి అనుమానం మా ఇంట్లో పీట వేసుకుని కూర్చుంది. చిన్నమ్మ కాళ్లకు ఎర్రమట్టి అంటి ఉంటే నాయనమ్మ చూపు అక్కడే ఆగేది. ఆమె ఉత్సాహంగా కూనిరాగం తీస్తే అమ్మా నాయనమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మధ్యాహ్నం పనులయ్యాక చిన్నమ్మ తన గది తలుపు దగ్గరికి వేసుకునేది. ఒకసారి నేను ఆ గోడ పక్కనే అష్టాచెమ్మా గీతలు గీసుకుంటుంటే లోపలినుంచి నవ్వు వినబడింది. ఒక్కతే ఉండి అంతలా ఎవరితో నవ్వుతోంది? పరిగెత్తుకెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ నా నోటి మీద చెయ్యి వేసింది గానీ, ఆ మాట అప్పటికే నాయనమ్మ చెవిన పడింది.

మర్నాడు నాయనమ్మ నన్ను పశువుల కొట్టంలోకి పిలిచింది. "బిడ్డా, రేపు పొద్దుగాల దాని ఎంబడి పో. కనవడకుండ పో. ఎవరొస్తరో సూసి నాకొక్కదానికే జెప్పు" అంది. పెద్దవాళ్ల రహస్యంలో నాకూ భాగం దక్కిందని గర్వంగానే అనిపించింది. భయంగా కూడా అనిపించింది. చిన్నమ్మంటే నాకు ఇష్టం. ఆమె జడ వేస్తే తలనొప్పి వచ్చేది కాదు.

తెల్లవారుజామున బయలుదేరేసరికి మంచు ఇంకా విడవలేదు. సీతాఫలం చెట్ల మాటున ఆగుతూ ఆమె వెనకే పోయాను. గుట్ట దగ్గర చిన్నమ్మ ఆగి అటూ ఇటూ చూసింది. ఇప్పుడొస్తారు, ఎవరో వస్తారు అనుకున్నాను. ఆమె నాట్లేసే ఆడవాళ్లలా చీర గోచి పోసి కట్టింది, కొంగు నడుముకు బిగించింది, ఉరకడం మొదలుపెట్టింది.

ఎవరు తరుముతున్నారా అని ముందు వెనక్కి చూశాను. ఎవరూ లేరు. ఎవరిని అందుకోవడానికా అని ముందుకు చూశాను. అక్కడా ఎవరూ లేరు. ఆమె గుట్ట చాటుకు పోయి కాసేపటికి రెండోవైపు నుంచి వచ్చింది. అప్పుడు ఆమె ముఖం చూశాను. ఇంట్లో ఎన్నడూ చూడని ముఖం అది. తల కొద్దిగా పైకెత్తి, నోరు సగం తెరిచి, జాతరకు పోయే పిల్లలా ఉంది. ఆ ముఖం చూస్తూ దాక్కోవడం మరిచిపోయినట్టున్నాను, నన్ను చూసి ఆగింది.

ఎందుకొచ్చావని అడగలేదు. ఎవరు పంపారని కూడా అడగలేదు. రొప్పుతూ నవ్వి, "ఉరుకుతవా?" అంది.

ఉరికాను. కొద్ది దూరానికే డొక్కలో నొప్పి పుట్టింది. "ఆగకు, మెల్లగ ఉరుకు, ఊపిరి ముక్కుతోని తీసుకో" అని నాతో పాటు తనూ నెమ్మదించింది. కాసేపటికి నొప్పి దానంతటదే పోయింది. గాలి చెవుల పక్కనుంచి పోతుంటే, ఎక్కడికీ పోనవసరం లేని పరుగు ఎంత హాయిగా ఉంటుందో మొదటిసారి తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు, బడిలో ఉన్నప్పటి నుంచీ తనకు ఇది అలవాటని, ఉరకని రోజు ఒళ్లు మొద్దుబారినట్టుంటుందని చెప్పింది. ఇంటి మలుపు రాగానే ఆగి, "నాయినమ్మ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా. దాయకు" అంది. ఆమెకు అంతా తెలుసు.

ఆ మధ్యాహ్నం తన గదిలోకి రమ్మని పెట్టె తెరిచింది. చీరల కింద వరసగా బొమ్మల కథల పుస్తకాలు. ముసుగు వీరులు, గుహల్లో రాక్షసులు, తెలివైన మంత్రులు, తెలివిలేని రాజులు. మానుకోట స్టేషన్‌లో పుస్తకాల బండి దగ్గర వాళ్లన్న కొని పంపేవాడట. కొన్నింటికి అట్టలు లేవు, కొన్నింటికి చివరి పేజీలు లేవు. అలాంటి వాటికి ఆమే ముగింపు అల్లేది. తలుపు వేసుకుని నవ్వింది ఈ పుస్తకాలు చదువుతూనే. పెళ్లయిన ఆడది పిల్లల బొమ్మలు చూస్తుందంటే ఊరు నవ్వుతుందని తలుపు మూసేది. మూసిన తలుపే ఆమె మీదికి మరింత అనుమానం తెచ్చింది.

నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. నాయనమ్మ నమ్మలేదు. "ఊకెనే ఉరుకుతదా? ఎవలన్న ఊకెనే ఉరుకుతరా? నిజం చెప్పు, నీకేం పెట్టి నోరు మూసింది?" అంది. నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పినందుకు తిట్లు తిన్న పిల్లలను చూశాను. నిజం చెప్పినా తిట్టు తినొచ్చని ఆనాడే తెలిసింది.

ఆ తర్వాత ఒక పొద్దున నాయనమ్మే కర్ర పట్టుకుని బయలుదేరింది, నన్ను వెంటబెట్టుకుని. ఈసారి దాక్కోలేదు. బాట పక్కన బండ మీద దర్జాగా కూర్చుంది. చిన్నమ్మ ఆమెను చూసి ఒక్క క్షణం తడబడింది. తర్వాత కొంగు బిగించి ఎప్పటిలాగే ఉరికింది. పొద్దెక్కేదాకా చూశాం. ఒక ముసలాయన మేకలు తోలుకుపోయాడు, అంతే. నాకు ధైర్యం వచ్చి, "సూసినవా, ఎవ్వలు రాలే" అన్నాను. నాయనమ్మ మోకాళ్లు పట్టుకుని లేస్తూ, "నేనున్న అని రాలే" అంది. అనుమానానికి ఎవరైనా వచ్చినా సాక్ష్యమే, రాకపోయినా సాక్ష్యమే.

శనివారం చిన్నాయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాడో లేదో నాయనమ్మ అంతా చెప్పేసింది. పుట్టింటికి పంపించి, సంగతి తేలినాక తెచ్చుకుందామంది. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. చిన్నాయన తల ఎత్తలేదు. చిన్నమ్మ లోపలికి పోయి పెట్టె మోసుకొచ్చి, అందరి ముందూ పుస్తకాలన్నీ మంచం మీద పరిచింది.

"అత్తమ్మా, నా దగ్గర దాసిపెట్టినయి గివే. నాకు ఉరుకుడంటే ఇష్టం, ఈ కథలు సదువుడంటే ఇష్టం. గంతే."

"మరి నాకెందుకు జెప్పలే?" అన్నాడు చిన్నాయన, నొచ్చుకున్నట్టుగా.

"చెప్తే ఎందుకని అడుగుతరు. ఇష్టమంటే అది జవాబే కాదంటరు. ఇంకేం చెప్పాల్నో నాకు తెల్వలే" అంది.

చిన్నాయన ఒక పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. పుట్టింటి మాట ఆ సాయంత్రం ఎటూ తేలలేదు. నాయనమ్మ అన్నం తినకుండానే పడుకుంది.

మరుసటి వారం బోరింగు దగ్గర నీళ్ల కోసం ఆడవాళ్లంతా వరసలో ఉన్నారు. నాయనమ్మ పక్కన నేనున్నాను. పక్కింటి పెద్దమ్మ బిందె పెడుతూ నలుగురికీ వినబడేలా, "ఏందక్కా, నీ కోడలు ఇంక పోతనే ఉన్నదట గుట్టకు. ఆమెది ఏం తిరుగుడో ఏమో" అంది. పంపు కొడుతున్న చెయ్యి ఆగిపోయింది. అందరూ మా వైపే చూశారు. ఇంట్లో రోజూ అంటున్న మాటే ఇప్పుడు నాయనమ్మ వీధిలో కూడా అంటుందనుకున్నాను. ఆమె ఒక్క మాట అంటే చాలు, చిన్నమ్మ ఆ ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేదు.

నాయనమ్మ బిందె కింద పెట్టింది. "నా కోడలు ఉరుకుతది. నేనే ఉరుకుమన్న. గుట్ట కాడ నేను సుత కూసుంట. నీకేమన్న నొప్పా?" అంది. పెద్దమ్మ సగం నిండిన బిందెతోనే వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి, అన్నట్టుగానే, చలిలో శాలువా కప్పుకుని నాయనమ్మ ఆ బండ మీద కూర్చునేది. చిన్నమ్మా నేనూ ఉరికేవాళ్లం. దారిన పోయేవాళ్లు ఆమెను చూసి దండం పెట్టి పోయేవారు. చిన్నాయన భూపాలపల్లిలో ఇల్లు తీసుకుని చిన్నమ్మను తీసుకుపోయేదాకా అలాగే సాగింది. పోతూ పోతూ చిన్నమ్మ సగం పుస్తకాలు నాకు ఇచ్చిపోయింది.

పెద్దయ్యాక ఒకసారి, మంచాన పడి ఉన్న నాయనమ్మ కాళ్లు పిసుకుతూ అడిగాను, ఆ రోజు బోరింగు దగ్గర అలా అన్నావు కదా, అప్పటికి చిన్నమ్మను నమ్మావా అని.

"లేదు బిడ్డా. నమ్మనీకి ఇంకా శాన దినాలు పట్టింది. నమ్ముడు నా చేతుల లేకుండె. పక్కన కూసునుడు నా చేతుల ఉండె."

ఇప్పుడు నేను జనగామలో ఉంటున్నాను. పరుగు పోయి నడకకు వచ్చాను. బొమ్మల కథలు మాత్రం, మనవలు నవ్వినా సరే, తలుపు తెరిచిపెట్టే చదువుతాను. అనుమానం నాకూ వస్తుంది, మనిషినే కదా. ఇంట్లోవాళ్ల మీద, తెలిసినవాళ్ల మీద, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే వస్తుంది. అది పోయేదాకా ఆగి అప్పుడు అండగా నిలబడదామంటే ఎవరికీ ఎన్నడూ నిలబడలేం. అందుకే మనసులో ముల్లు ఉన్నా సరే, నలుగురిలో మాట పడుతున్న మనిషి పక్కకు ముందు పోయి కూర్చుంటాను. అడగాల్సినవి ఏమైనా ఉంటే ఇంటికి వచ్చాక అడుగుతాను.