అత్త ఎక్కనన్న రిక్షా

"నేనెక్క. కోసి కుప్పలేసినా ఎక్క."

"ఎందుకెక్కవత్తా? పులా, ఎలుగుబంటా అది? మూడు చక్రాల బండి. మెత్తటి గద్దె ఉన్నది. ఊకె కూసునుడే."

"నువ్వు కూసో పో. నీ మోకాళ్ళు మంచిగున్నయి, కూసుంటె ఇంక మంచిగైతయి."

"నా కోసం చేసిన్నా బేరం? ఎడ్లబండి ఎక్కాల్నన్నా పదిసార్లు సోంచాయించే దాన్ని నేను. నీ కాలు ఉబ్బిందని చేసిన. రేపు పగటీలి రైలు. ఇంత దూరమొచ్చి సముద్రం చూడకుండనే మల్లుతవా?"

"మల్లుత. నా రాత గంతే అనుకుంట."

"రాత గాదు, మొండితనం."

"ఔ, మొండిదాన్నే. మొండిదాని ఇంటికి కోడలై వచ్చినవ్. గిప్పుడెరుకైందా?"

ఇది కాకినాడలో, మేము దిగిన సత్రం ముందర, ఎండలో జరిగిన కొట్లాట. కొట్లాడింది నేనూ మా అత్తా. మా ఇద్దరిలో ఎవరి దిక్కు మాట్లాడినా రెండోవాళ్ళ తిట్లు తప్పవని నా పెనిమిటికి తెలుసు. అందుకని సత్రం గోడ మీద రాసి ఉన్న నియమాలు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు. రిక్షా అతను మాత్రం గద్దెను గుడ్డతో తుడిచి, "ఎక్కండి మామ్మగారూ, కుదుపు లేకుండా తీసుకెళ్తాను, ఆయ్" అని మూడోసారో నాలుగోసారో అన్నాడు.

మాది లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు. మా మామ ఆ గోదావరిలో వల వేసి బతికిన మనిషి. ముందటి ఏడు పోయాడు. ఆయన ఎముకలు ధర్మపురి రేవులో కలిపి వచ్చాం. ఆనాటి నుంచి అత్తది ఒకటే పాట. "గోదారి ఆయన్ని ఏడికి తీస్కపోయిందో ఒక్కసారి చూడాలె." సముద్రంలోకి అని చెబితే, "గదే, గా సముద్రం కాడికే పోవాలె" అనేది. పొద్దున అదే మాట, నాట్లలో అదే మాట. నేను విననట్టు ఉండేదాన్ని. రైలు టికెట్లు చెట్లకు కాయవు కదా.

అప్పటికి ఆంధ్రా, తెలంగాణా ఒక్క రాష్ట్రమై కొన్నేళ్ళయింది. నా పెనిమిటి కాగజ్‌నగర్ మిల్లులో పనికి కుదిరాడు. అక్కడ ఆయనతో మూటలు మోసే ఒక కాకినాడ మనిషి చెప్పాడట, గోదావరి తమ ఊరికి దగ్గర్లోనే సముద్రంలో పడుతుందని, ఊళ్ళో సత్రం ఉందని, కిరాయి అడగరని, పొయ్యి కూడా ఉందని. కిరాయి అడగరన్న మాట దగ్గర నేను మెత్తబడ్డాను. జొన్నరొట్టెలు కాల్చి ఎండబెట్టి, వెల్లుల్లి కారం దంచి, అటుకులు మూట కట్టి బయలుదేరదీశాను. కాజీపేటలో ఒక రైలు, బెజవాడలో ఒక రైలు, సామర్లకోటలో మరొకటి మారి దిగేసరికి అత్త మోకాళ్ళు కొంత పట్టేసినా, ఇంకా నడిచే మనిషే. ఆ కాళ్ళను పాడు చేసింది మా తెలివే.

కొత్త ఊళ్ళో దారి ఎట్లా తెలుసుకోవాలి? నేను చిన్నప్పుడు కొన్నాళ్ళు బడికి పోయాను కాబట్టి దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదవగలను. కానీ ఏ బోర్డు మీదా సముద్రం ఇటు అని రాసి లేదు. మనుషుల్ని అడగటానికి నా పెనిమిటికి నామోషీ. "అడుగుడెందుకే? ఏటి ఒడ్డున పుట్టినోళ్ళం" అన్నాడు. ఊరి మధ్యలో వంతెన ఉంది, దాని కింద పెద్ద కాలువలాంటి ఏరు ఉంది. పడవలు కట్టి ఉన్నాయి. మా ఊళ్ళల్లో దిక్కులన్నీ ఏటిని బట్టే చెబుతాం. నీళ్ళు వచ్చేవైపు మీదికి, పోయేవైపు కిందికి. ఏ నీళ్ళైనా చివరికి సముద్రంలోకే పోతాయి. కాబట్టి నీళ్ళు ఎటు పోతే అటు నడవాలి. ఇందులో అనుమానమేముంది? నాకూ అనుమానం రాలేదు, అత్తకూ రాలేదు. గుర్రపుడెక్క ముద్దలు నీళ్ళ మీద తేలుతూ ఎటు పోతున్నాయో చూసి, వాటి వెంబడే నడిచాం.

నడిచాం, నడిచాం. ఇళ్ళు పలచబడ్డాయి, వరిచేలు వచ్చాయి. సముద్రం జాడ లేదు. ఎండ నడినెత్తికి వచ్చాక గట్టు మీద గడ్డి కోస్తున్న ఒక ముసలాయన మమ్మల్ని ఆపి, ఎక్కడికి పోతున్నారని అడిగాడు. సముద్రానికి అన్నాం.

"సముద్రం మీ వీపు వైపు కదండీ!" అన్నాడాయన.

"మరి నీళ్ళు గిటు పోతున్నయి గదా?" అన్నాడు నా పెనిమిటి.

"ఇది పోటు సమయం. సముద్రమే ఏట్లోకి ఎక్కుతుంది. సాయంత్రానికి దిగుతుంది."

అత్త గట్టు మీద కూలబడి, కొడుకు వైపు చూసింది. "ఏటి ఒడ్డున పుట్టినోడా, జర నీళ్ళన్న తాపియ్యిరా" అంది. ఏరు వెనక్కి నడుస్తుందని మాకు ఎవరు చెప్పారు? మా గోదావరి పొంగితే పొంగుతుంది, ఎండితే ఎండుతుంది. అది వచ్చిన దారినే మళ్ళడం మేం ఎరగం. తిరిగి సత్రానికి చేరేసరికి అత్త కుడి మోకాలు గుమ్మడికాయంత అయింది. మర్నాడు పొద్దున లేచి గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసి కూచుంది. అందుకే నేను, ఏనాడూ మనిషి తొక్కే బండి ఎక్కని నేను, సత్రం ముందర ఆగి ఉన్న రిక్షా బేరం చేశాను. అందుకే ఆ కొట్లాట.

"సరే, ఎక్కకు. ఇక్కడ్నే కూసో. సముద్రం నీ దగ్గరికి నడిచొస్తది, నిన్న ఏట్లకు రాలేదా?" అన్నాను.

అత్త కొంగు దోపుకుంది. స్నానానికి పొడి చీర, రొట్టెలు ఉన్న సంచి తీసి రిక్షా గద్దె మీద పెట్టింది. "సంచి పోనియ్యి. నేను ఎంబడి నడుస్త" అని రిక్షా వెనక పందిరి కమ్మీ పట్టుకుంది.

ఇక ఏం చెబుతాం. రిక్షా కదిలింది. గద్దె మీద సంచి. వెనకాల కుంటుతూ అత్త. ఆమె వెనక నేను, నా వెనక నా పెనిమిటి. బజారులోకి వచ్చేసరికి సోడా కొట్టు దగ్గర కూచున్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. "ఏరా, సంచికి సవారీ, మామ్మకి నడకా? సంచి ఏ జమీందారుదిరా?" అన్నాడొకడు. ఇంకొకడు, "ముసలమ్మని నడిపించి డబ్బులు పుచ్చుకుంటున్నావా, కళ్ళు పోతాయ్" అన్నాడు. రిక్షా అతని మెడ ఎర్రబడింది. బండి ఆపి దిగాడు.

"మామ్మగారూ, దండం పెడతాను. ఎక్కండి. రేపు నేను ఈ బజార్లో తిరగాలి."

"నువ్వు తొక్కు కొడుకా. నా ఫికర్ నీకెందుకు?"

"ఎక్కకపోతే నేను రానండి."

"రాకుంటె ఎట్ల? బేరం ఒప్పుకున్నవ్ గదా!" అని నా పెనిమిటి ముందుకు వచ్చాడు.

"మనుషుల్ని ఎక్కించుకోడానికి ఒప్పుకున్నాను. నలుగురిలో నవ్వులపాలు కావడానికి కాదు. రానంటే రాను. నా బండి, నా ఇష్టం." సంచి తీసి జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు. బండి తిప్పుకుని, గంట కొట్టుకుంటూ పోయాడు.

నా పెనిమిటి తిట్టాడు. నేను అత్తను తిట్టాను. ఆమె మా ఇద్దరి మాటా వినలేదు. రిక్షా సందు మలుపు తిరిగేదాకా కళ్ళార్పకుండా చూసింది.

"రానన్నడు" అంది.

"ఔ, అన్నడు. నీ పుణ్యమే" అన్నాను.

"మొఖం మీదనే అన్నడు. పోయిండు."

మేము సత్రానికి మళ్ళి వచ్చాం. మామూలుగా నాతో కొట్లాడిన పూట అత్త అన్నం ముట్టదు. ఆ సాయంత్రం రొట్టె నీళ్ళలో నానబెట్టుకుని, కారం అద్దుకుని కడుపునిండా తిన్నది. తింటూ కొడుకును అడిగింది. "వాన్ని ఎవరన్న పిలిపిస్తరారా?"

"ఎవరు పిలిపిస్తరవ్వా?"

"రానన్నడు గదా. ఎవరికన్న చెప్తె..."

"ఎవరికి చెప్తం? వాని ఇష్టం వానిది. మనకు ఇంకో రిక్షా దొరుకుతది."

"కొట్టరా మరి?"

ఆమె తలుచుకుంటున్నది మా మామనని అప్పుడు నాకు అర్థమైంది.

మా మామ వల వేసే మనిషే గానీ, దొర ఇంటి నుంచి కబురు వస్తే వల ఒడ్డున పడేసి పోవలసిందే. దొరసాని పుట్టింటికి పోవాలన్నా, పెండ్లికి పోవాలన్నా మేనా మోసేవాళ్ళలో ఆయనొకడు. అది వెట్టి. కూలి లేదు, వేళ లేదు. పోలీసు యాక్షన్ అయ్యాక మేనాలు మూలపడ్డాయి. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ మోత పోయింది గానీ, ఆయన కుడి భుజం మీద కాయ మాత్రం పోలేదు. గట్టిగా, నున్నగా, ఉల్లిగడ్డంత ఉండేది. దాని మీద ఎప్పుడూ తువ్వాల కప్పుకునేవాడు. అత్త రోజూ వెచ్చటి ఆముదంతో దాన్ని రుద్దేది. చివరి స్నానం చేయించినప్పుడు కూడా ఆ భుజం ఆమే కడిగింది, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

"ఒక్కసారి జరమొచ్చి, రానని కబురు చేసిండు" అంది అత్త. "నోటితోని అనలే, కబురే. మనుషులొచ్చి తీస్కపోయిండ్రు. దొర గడీ ముంగట ఎండల వంగబెట్టి వీపు మీద బండ పెట్టిండ్రు. నేను గేటు బయట నిలబడ్డ. మల్ల ఎన్నడు రాననలే."

నా పెనిమిటికి ఈ సంగతి తెలియదట. తండ్రి చెప్పలేదు.

"మనిషి మోస్తుంటె నేనెట్ల కూసుంట బిడ్డా? గాయన మోసిండు గదా" అంది. "గని వీడు రానన్నడు. సంచి దించి పెట్టి పోయిండు. గంట కొట్టుకుంట పోయిండు."

నేను మెత్తటి మనిషిని కాను. ఆమెను ఓదార్చడం నాకు చేతకాలేదు. పళ్ళెం తీసి కడిగాను. కడుగుతూ ఆలోచించాను. నేను రిక్షా ఎక్కనిది డబ్బు పోతుందని, ఆమె ఎక్కనిది వేరే లెక్కకు. బయటికి ఇద్దరం ఒకే రకం పిసినారుల్లా కనిపించాం. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నా ఆ గడీ గేటు సంగతి నాకు చెప్పలేదు. ఆముదం గిన్నె మాత్రం రోజూ నా చేతికే ఇచ్చేది, వెచ్చచేసి తెమ్మని. నేను ఆముదం ఎక్కువ పోస్తున్నావని సణిగేదాన్ని.

మరునాడు పొద్దున నేను లేచేసరికి అత్త పక్క మీద లేదు. సత్రం గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ రిక్షాలు ఆగే చోటికి పోయింది. నిన్నటి మనిషి అక్కడే చక్రానికి నూనె వేస్తున్నాడు. నేను వెనకాలే పోయాను.

"వస్తవా కొడుకా, సముద్రం కాడికి?" అని అడిగింది అత్త. "నీకు ఇష్టముంటెనే. రాకుంటె రానని చెప్పు, నేనేమనుకోను."

అతను ఆమెను చూశాడు, ఆమె వెనక నన్ను చూశాడు. "మీరు ఎక్కుతారా మరి?"

"నువ్వు వస్తనంటె ఎక్కుత."

"వస్తాను మామ్మగారూ. కోపం నిన్నటితో పోయింది. ఎక్కండి."

అత్త ఎక్కింది. గద్దె కొసన, కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూచుంది. నన్నూ పక్కన కూచోమంది. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. నా పెనిమిటి వెనక నడిచాడు. వంతెన ఎత్తు వచ్చేసరికి అత్త బండి ఆపించి దిగింది. అతను వద్దన్నా వినలేదు. ఎత్తంతా నా భుజం మీద చెయ్యి వేసి నడిచి, దిగుడు మొదలయ్యాక మళ్ళీ ఎక్కింది. వంతెన కింద గుర్రపుడెక్క ఆ పూట మేము పోయే వైపే పోతోంది.

సముద్రంలో పెద్ద అలలు లేవు. అత్త మోకాళ్ళ లోతుకు పోయి, నా చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేసింది. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఉప్పు" అంది. "ఇంటికి ఉప్పు కొనకు కోడలా, గీడ్నే ముంచుకపో." ఆ నీళ్ళలోనే చాలాసేపు నిలబడింది.

ఒడ్డున చీర మార్చుకున్నాక సంచిలో మిగిలిన రొట్టెలు తీశాను. రిక్షా అతనికి ఒకటి, కారం వేసి ఇచ్చాను. బండి గద్దె మీద కూచుని తిన్నాడు. తర్వాత మమ్మల్ని సత్రం దగ్గర దించాడు. మధ్యాహ్నం రైలెక్కాం.