తలుపు తియ్యని నర్సమ్మ

మా పై అంతస్తు నర్సమ్మ మంగళవారం పొద్దున పోయింది. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ మంచం మీదకి ఒరిగిందట. మళ్ళీ లేవలేదు. ఆర్.కె. పురంలో మా బ్లాకు మెట్ల మీద ఆ కబురు చెప్పినావిడ, పాల సీసా చేత్తో పట్టుకునే, "మంచిదే పాపం, కానీ రాతిగుండె" అంది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. ఆ రాతిగుండె మాట ఈ కాలనీలో పుట్టించింది నేనే. పుట్టించిన నోటితోనే దాన్ని చంపాలని ఇది రాయిస్తున్నాను.

ఆవిడది బందరు వైపు ఊరు, కిరస్తానీ కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. అంటురోగాల వార్డులో ఉద్యోగం. చేతులు కడిగిందంటే మోచేతుల దాకా కడిగేది. తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టేది. ఎవరింటికి వచ్చినా గడపలో కాస్త ఆగి, లోపల ఎవరైనా దగ్గుతున్నారేమోనని చెవి పెట్టేది. "రోగానికి పిలుపు అక్కర్లేదు మామ్మగారూ, తలుపు తీసుంటే చాలు" అనేది.

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం కాలనీ వాళ్ళమంతా కలిసి వీడియో తెప్పించుకున్నాం. దేవుడి సినిమా కావాలని చెప్పి పంపాం. టీవీ ముందు అగరొత్తులు వెలిగించి, కొబ్బరికాయ నేనే కొట్టాను. తీరా బొమ్మ పడితే నల్లటి ఆకాశం, అందులో తేలుతున్న ఇనప ఓడ, లోపల ఆరుగురు తెల్లవాళ్ళు. వీడియో కొట్టువాడు వేరే క్యాసెట్ ఇచ్చాడు.

"మాతాజీ, భగవాన్ కబ్ ఆయేంగే?" అంది ఎదురింటి పంజాబీ ఆవిడ, దేవుడెప్పుడొస్తాడని.

"బైఠో, బైఠో. ఆకాశంలోనే ఉన్నాం కదా, వస్తాడు" అన్నాను.

ఆపేద్దామన్నారు. కాయ కొట్టాక మధ్యలో లేవకూడదు, హారతి దాకా కూర్చోవలసిందేనని నేను పట్టుబట్టాను. కర్టెన్లు వేసిన గదిలో అందరం కూర్చుండిపోయాం. నర్సమ్మ నా పక్కన చేరి ఇంగ్లీషు మాటలు తెలుగులో చెప్పింది.

ఓడ బయట మరమ్మతుకు వెళ్ళినవాడు తిరిగొచ్చి తలుపు కొడతాడు. వాడి చేతి తొడుగు మీద బూడిదరంగు బూజు. అది మెల్లగా పాకుతోంది. లోపల తలుపు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తియ్యమని వాడు ఏడుస్తాడు. ఆమె తియ్యదు. నా చేతిలో కొబ్బరిముక్క చేతిలోనే ఉండిపోయింది.

"తియ్యవే ముదనష్టపుదానా! మనిషి చస్తున్నాడు!" అని అరిచాను.

"తియ్యకూడదు" అంది నర్సమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"నీ తమ్ముడే అయితే?"

"నా తమ్ముడైనా సరే."

సినిమాలో ఇంకొకడు ఆమెను పక్కకు నెట్టి తలుపు తీశాడు. ఆ బూజు ఒక్కొక్కరినే తినేసి, చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. నేను హారతి ఇచ్చాను, ఎవరికిచ్చానో నాకే తెలియదు. టీలు తాగుతూ కొందరు భలే భయపెట్టిందన్నారు, కొందరు తలనొప్పి అన్నారు. మేమిద్దరం మాత్రం దెబ్బలాడుకున్నాం. తీసి చచ్చినవాళ్ళే మనుషులు, తియ్యక బతికింది రాయి అని నేను.

"ఈ సినిమా తీసినవాడు ఏ వార్డులోనూ నిలబడినట్టు లేడు" అంది ఆవిడ. "బూజుని భూతం చేశాడు. భూతానికి ఎవరు భయపడతారు మామ్మగారూ? తలుపవతల మనవాళ్ళు ఏడుస్తారు చూడండి, అదీ భయం."

ఆ చలికాలమే, ఇప్పుడు ఇది రాస్తున్న ఈ పిల్లకే, కంఠసర్పి వచ్చింది, ఆసుపత్రిలో డిఫ్తీరియా అంటారు. గొంతులో తెల్లటి పొర. అప్పుడు దీనికి ఐదేళ్ళు. టీకా వేయిస్తే జ్వరమొస్తుందని వద్దన్నది నేనే. నర్సమ్మ గడపలోంచే ఆ ఊపిరి విని, దుప్పటి చుట్టి ఆటోలో ఎక్కించుకుపోయింది. ఇంట్లో కోడలికి నెల తిరగని చంటిది. కొడుకు ఆఫీసు పని మీద ఊళ్ళో లేడు. నేను వెనకే పోయాను. వార్డు తలుపుకు గాజు పలక. దాని వెనక మూతికి గుడ్డ కట్టుకుని ఆవిడ.

"తలుపు తియ్యి."

"తియ్యను. మీరు లోపలికొచ్చి ఇంటికెళితే చంటిదానికి అంటుతుంది."

"ఇంటికి పోను. ఇక్కడే పడుంటాను."

"పోతారు మామ్మగారూ. అందరూ అలాగే అంటారు."

లోపల పిల్ల ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. మధ్యలో "మామ్మా" అనబోయింది, గొంతు పెగల్లేదు. నేను రెండు చేతులతో తలుపు బాదాను. "నువ్వు కని ఎరుగుదువుటే? అందుకే నీకా రాతిగుండె!" అని వరండా అంతా వినేలా అరిచాను. ఆవిడ మొహం కదల్లేదు. వేసిన గొళ్ళెం ఇంకోసారి నొక్కి చూసుకుంది.

గాజు దగ్గరికి వంగి చెప్పింది. "మీకు చదువు రాదుగా, గుర్తులు పెడతాను. గాజు మీద సబ్బు చుక్క పెడితే పాలు తాగినట్టు. దాని కింద గీత గీస్తే నిద్రపోయినట్టు." గడపలో ముగ్గు ఎరగని ఇంట్లో పుట్టిన మనిషి నాకోసం చుక్కలు పెడతానంది.

మర్నాడు గాజు మీద ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. మూడోరోజు మధ్యాహ్నం చుక్క కనిపించింది. నేను బెంచీ మీంచి లేచి దాన్ని తాకి చూశాను, అది లోపలివైపు ఉందని మరిచిపోయి. చాలాసేపటికి కింద గీత పడింది.

పిల్ల ఇంటికొచ్చేసరికి పదకొండు రోజులు. అన్నాళ్ళూ నర్సమ్మ ఇంటికి రాలేదని ఆరోజు వార్డు ఆయా చెబితే తెలిసింది. "దీదీ ఇక్కడే నేల మీద పడుకుంది. వాళ్ళ మెట్ల దగ్గర చంటిపాప ఉందట" అంది. సినిమాలో ఆవిడ తలుపు వేసి క్షేమంగా ఉండిపోయింది. మా నర్సమ్మ తలుపు వేసుకుని రోగం ఉన్న వైపే నిలబడింది. రాతిగుండె మాట అప్పటికే కాలనీ అంతా చెప్పేశాను; నిజం తెలిసీ దాన్ని వెనక్కి తీసుకోలేదు. పొగరు. ఆవిడా ఎప్పుడూ అడగలేదు. "ఈసారి కాయ కొట్టేముందు క్యాసెట్ చూసుకోండి మామ్మగారూ" అని మాత్రం ఒకసారి నవ్వింది.

బుధవారం ఆవిడ కోసం పెట్టిన ప్రార్థనకి వెళ్ళాను. పాస్టరుగారు మాట్లాడటం అయ్యాక లేచి నిలబడ్డాను. "రాతిగుండె అన్న నోరు ఇదే. అబద్ధం ఆడానని ఆ నోరే చెబుతోంది. ఇకమీదట ఆ మాట ఎవరన్నా నా ఎదురుగా వచ్చి అనండి" అన్నాను.

ఆవిడని పడుకోబెట్టి ఐసు దిమ్మలు సర్దిన పెట్టెకి గాజు మూత. దాని నిండా చెమ్మ పట్టి ఆవిడ మొహం కనిపించలేదు. కొంగుతో తుడవబోయి ఆగాను. పక్కన మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఉంది. వేలితో ఒక చుక్క పెట్టాను. దాని కింద గీత గీశాను. ఆ గీతలోంచి మూసుకున్న కళ్ళు కనిపించాయి. చూస్తుండగానే మళ్ళీ చెమ్మ కమ్ముకుంది.