ఎముకల్లోంచి పాలు

పశువుల డాక్టరు చెంచురామయ్య గిద్దలూరు నుంచి సైకిలు మీద పల్లెలు తిరిగేవాడు. ఏ ఇంటికి వెళ్లినా మనుషులను పలకరించే ముందు పశువు చెవి పట్టి చూసేవాడు. ఆనాడు కొండ కింది పల్లెలో, అంకాలమ్మ ఆవు ఈనిన మర్నాడే కూలబడి, మెడ డొక్కలోకి తిప్పుకుని పడివుంది. చెవులు చల్లబడిపోయాయి. ఆయన మరిగిన నీళ్లలో కడిగిన సన్నని గొట్టం చన్నుల్లోకి పెట్టి, పంపుతో పొదుగు నిండా గాలి కొట్టి, చన్నులకు గుడ్డపేలికలు కట్టాడు.

"ఈ పూట పాలు పిండొద్దక్కా, దూడనూ విడవొద్దు. రక్తంలో ఉండాల్సిన సున్నం, అదే కాల్షియం, పాలల్లో పోతాంది. ఎముకలు ఇచ్చేలోపలే పొదుగు లాక్కుంటాంది" అన్నాడు.

గంటకల్లా ఆవు లేచి నిలబడింది. చంటిబిడ్డకు పాలిస్తున్న కోడలు పుష్పమ్మ మెల్లగా అడిగింది.

"అయ్యా, బిడ్డ తాగేటప్పుడు నా వేళ్లు ఇట్ల కొంకర్లు పోతాయి. ఇదీ అదేనా?"

చెంచురామయ్య ఆ వేళ్లు చూసి అంకాలమ్మ వైపు తిరిగాడు. "అట్లనే ఉందక్కా. రేపే ఆస్పత్రికి తీసుకపో. ఇంట్లో పెరుగు ముందు ఈ పిల్లకు పెట్టు."

"పెరుగు మగోళ్లకే చాలదు నాయనా!"

"ఆవుకు గాలి కొట్టి పాలు ఆపినా. తల్లికి ఎట్ల ఆపేది?"

అంకాలమ్మ లోపలికి వెళ్లి పెరుగు ముంత తెచ్చింది. కోడలి వేళ్లు దాన్ని పట్టుకోలేకపోయాయి. అత్తే ముంతను ఆమె నోటికి అందించింది.