గది పార్కు లోపలా, బయటా

మొన్న తెనాలిలో టిఫిన్ సెంటర్ ముందు నిలబడి ఇడ్లీ తింటుంటే, చిన్నప్పుడు నాతో చదివినవాడొకడు ప్లేటుతో సహా పక్కకు వచ్చాడు. ఏడాదిన్నర పాపను తీసుకుని హైదరాబాదు అవతలి పెద్ద ఆటల పార్కుకు వెళ్తున్నారట. "పార్కులోనే ఉన్న హోటల్లో దిగితే మంచిదా, బయట ఊళ్ళో దిగి రోజూ వెళ్ళొస్తే మంచిదా? నువ్వు మీ మేనకోడల్ని తీసుకెళ్ళావుగా, చెప్పరా" అన్నాడు. "లోపలే" అన్నాను. వాడు తృప్తిగా చట్నీ వేయించుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట దగ్గరికి చేరడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళవాళ్ళం ఎంత అవస్థ పడ్డామో వాడికి చెప్పలేదు. చెబితే ఇడ్లీ చల్లారిపోయేది.

మాది తెనాలి. అక్కను బాపట్ల ఇచ్చాం. అంటే బావ ఉద్యోగం బాపట్లలో, ఒక కాలేజీ ఆఫీసులో. వాళ్ళ అమ్మగారు ఉండేది రేపల్లెలో. మా మేనకోడలు పుట్టాక ఈ మూడు ఊళ్ళ మధ్య మేము ఎక్కని బస్సు లేదు. ఏ పండుగకు ఏ ఊళ్ళో ఉండాలన్నది రెండు ఇళ్ళూ కూర్చుని తేల్చుకునేవి. ఒక ఆదివారం రేపల్లె వంతు వచ్చింది. నన్ను కూడా భోజనానికి పిలిచారు. చర్చి నుంచి వచ్చేసరికి పిల్లకు ఒళ్ళు వెచ్చబడింది. మేము పులుసు కలుపుకుంటుండగా అక్క ఒళ్ళోనే అది కర్రలా బిగుసుకుపోయింది, కళ్ళు తేలేసింది. ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఎవరో దాని గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టారు. తర్వాత ఆ ఇంటి కారు తాళం కోసం ఇల్లంతా వెతికితే అది కూడా ఆ గుత్తికే ఉంది. అక్క మాత్రం చెప్పులు లేకుండా వచ్చి కార్లో కూర్చుంది.

తెనాలిలో పిల్లల డాక్టరు దగ్గరికి బయలుదేరాం. నేనే నడుపుతున్నాను. దారిలో రైల్వే గేటు పడింది. వచ్చింది గూడ్సు బండి. బిగువు ఇంట్లోనే సడలిపోయింది, పిల్ల నిద్రలోకి జారుకుంది కూడా. కానీ అది నిద్రేనని మాకు ఎవరు చెప్పాలి? అక్క దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తోంది, గేటు వైపు చూస్తోంది, మళ్ళీ ఊపిరి చూస్తోంది. నేను ఏదో ఒకటి అని నవ్వించే రకాన్ని. చావు ఇళ్ళలో కూడా నన్ను కాస్త వెనక కూర్చోబెడతారు. ఆ గేటు దగ్గర నాకు ఒక్క ముక్క కూడా రాలేదు. డాక్టరు చూసి, "జ్వరం ఎక్కేటప్పుడు కొందరు పిల్లలకు ఇలా ఫిట్స్ వస్తాయమ్మా. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ మెదడుకేం కాదు. ఐదారేళ్ళకు తగ్గిపోతుంది" అన్నాడు. మళ్ళీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాడు, నోట్లో ఏమీ పెట్టొద్దన్నాడు, తాళాలు తలుపులకు వాడుకోమన్నాడు. మేమందరం నవ్వాం. అక్క, "మళ్ళీ వస్తే" అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి అక్క నడుం వాల్చడం మానేసింది. గోడకు ఆనుకుని కూర్చుంటుంది, పిల్ల ఒళ్ళో, అరచేయి దాని నుదుటి మీద. ఆ చేయి వంట కోసం తీస్తే వెంటనే బావ చేయి పెట్టాలి. బావ చేయి చల్లన, జ్వరం సరిగా తెలియదని మళ్ళీ తన చేయే పెట్టేది. కూర్చునే కునుకు తీసేది, మెడ వాలగానే ఉలిక్కిపడేది. గడప దాటి బయటికి రావడం లేదు. బాపట్లలో ఉండి సముద్రం మొహం చూడకపోతే ఎలా అని నేను అంటే, "గాలి కదరా" అనేది. సముద్రం దగ్గర గాలి కాక ఇంకేం ఉంటుందని అనబోయి, ఆమె కళ్ళ కింది నలుపు చూసి ఊరుకున్నాను. మనిషి ఇట్టాగే కూర్చుంటే పిల్ల కంటే ముందు ఈమె మంచం పడుతుందని బావకు భయం పట్టుకుంది. పెళ్ళి కాకముందు నుంచీ అక్క ఫోన్లో చూసి మురిసిపోయే ఆ పార్కుకు తీసుకెళ్తానన్నాడు. ఆశ్చర్యంగా ఆమె కాదనలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగింది: "ఎక్కడ దిగుతాం?"

అక్కడ మొదలైంది. బావది పార్కు లోపలి హోటలు పార్టీ. పిల్ల మధ్యాహ్నం నిద్రపోతుంది, గది పక్కనే ఉండాలి, అంతే. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్లో, "హైదరాబాదులో మీ పిన్ని ఇల్లుండగా హోటలేంట్రా? రేపు పెళ్ళిళ్ళలో దాని మొహం ఎట్టా చూడను?" అంది. మా వైపు చుట్టాలున్న ఊళ్ళో గది తీసుకోవడమంటే వాళ్ళ వంటను నలుగురిలో తీసిపారేసినట్టే. పిన్ని ఇంటికీ పార్కుకూ మధ్య సగం నగరం ఉందన్నది అమ్మ లెక్కలోకి రాదు. అక్కకు ఈ మర్యాదలేవీ పట్టలేదు. ఆమె లెక్క వేరు. "లోపల దిగితే మంచం దగ్గర, ఆసుపత్రి దూరం. బయట ఊళ్ళో దిగితే ఆసుపత్రి దగ్గర, కానీ పార్కు నుంచి రావాలి. దార్లో గేటు పడితే?" అంది.

"హైదరాబాదులో రైలు గేట్లెక్కడివక్కా?"

"ట్రాఫిక్కు గేటు కాదేంట్రా? గూడ్సు బండి కనీసం అయిపోతుంది."

బావ ఫోన్లో మ్యాపు తెరిచి దూరాలు కొలిచేవాడు. అక్క ఆ మ్యాపును ఎటు తిప్పినా ఎర్ర గీతలే చూసేది. రెండు రోజులకొకసారి గది తీసుకోవడం, రద్దు చేయడం. ఆ హోటలువాళ్ళకు మేమంటే ఒక కుటుంబం కాదు, రోజుకోలా మారే వాతావరణం అయి ఉంటాం.

అప్పుడు అక్క అత్తగారు ఈ సంగతిని ప్రార్థనలో పెట్టారు. రేపల్లె చర్చిలో స్త్రీల సమాజం వారానికొకసారి కూడుతుంది, ఎవరి మనవి వాళ్ళు చెబితే అందరూ కలిసి ప్రార్థిస్తారు. మనవిలో వివరాలు చెప్పకూడదన్నది ఆవిడ పద్ధతి. వివరాలు దేవుడికి ఎటూ తెలుసు, మనుషులకు తెలిస్తే కబుర్లవుతాయని. పైగా, మనవరాలిని పార్కుకు తీసుకెళ్తున్నారంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని కూడా అనుకున్నారట. అందుకని క్లుప్తంగా, "మా మనవరాల్ని హైదరాబాదు తీసుకెళ్తున్నారు. ఎక్కడ ఉంచాలో పిల్లలకు తేలడం లేదు. దేవుని చిత్తం జరగాలి" అన్నారు. ఇంత మర్యాదగా చెప్పిన మాట ఎంత దూరమైనా వెళ్తుంది. పిల్లకు ఫిట్స్ వచ్చిన సంగతి చర్చిలో అందరికీ తెలుసు. హైదరాబాదు అన్నారు, ఉంచాలి అన్నారు, దేవుని చిత్తం అన్నారు. ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే నేనైనా అదే అనుకునేవాణ్ణి.

తర్వాతి ఆదివారం నేను బాపట్లలోనే ఉన్నాను. అక్క అత్తగారు కూడా వచ్చి ఉన్నారు. మధ్యాహ్నం రేపల్లె చర్చిలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ రెండు బస్సులు మారి వచ్చారు. ఒక చేతిలో కొల్లూరు అరటిపళ్ళు, ఇంకో చేతిలో బ్రెడ్డు. మా వైపు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఎవరూ బ్రెడ్డు తీసుకురారు. ఆవిడ అక్క పక్కన చాప మీద కూర్చుని, పిల్ల తల నిమిరి, చాలా మెల్లగా అడిగారు.

"ఆపరేషన్ ఎప్పుడమ్మా?"

అక్క అత్తగారి మొహంలో రంగు పోయింది. అక్క ఆవిడ వైపు చూడలేదు. బావ వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఆపరేషనేంటి పెద్దమ్మా? వీళ్ళు వెళ్ళేది జారుడుబల్ల ఎక్కడానికి" అన్నాను.

"జారుడుబల్లకి హైదరాబాదు దాకా ఎందుకయ్యా? ఇక్కడ పార్కులో ఉందిగా" అన్నారావిడ, నమ్మకుండా. నేను విషయం దాస్తున్నానని ఆవిడకు రూఢి అయిపోయింది. నా ధైర్యానికి మెచ్చుకోలుగా భుజం కూడా తట్టారు. అత్తగారు గబగబా గది సంగతీ హోటళ్ళ సంగతీ చెప్పుకొచ్చారు. పెద్దమ్మ అంతా విని, "సరే, వచ్చాం కదా, ప్రార్థన చేసుకుందాం" అన్నారు. దారి పొడుగునా మనసులో కూర్చుకుంటూ వచ్చిన ప్రార్థన వృథా పోనిచ్చే మనిషి కాదు. పిల్లను దీవించమన్నారు, ప్రయాణం కాయమన్నారు, అలవాటు కొద్దీ వైద్యుల చేతులను నడిపించమన్నారు, చివర్లో గుర్తొచ్చి జారుడుబల్లను కూడా కలిపారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను, నవ్వడానికి తోడు దొరుకుతుందేమోనని. అక్క ఏడుస్తోంది.

ఆవిడ వెళ్ళాక అక్క వంటింట్లో నిలబడి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండానే అంది: "ఆపరేషన్ అనగానే నేను కాదనలేదు, చూశావా? డాక్టరు నాకు తెలియకుండా మీకేదో చెప్పాడనుకున్నాను. ఈ పార్కూ గీర్కూ అంతా నన్ను తీసుకెళ్ళడానికి మీరిద్దరూ ఆడుతున్న నాటకం అనుకున్నాను."

"అంత నటించగలిగితే మీ ఆయన ఇంకా గుమాస్తాగా ఎందుకుంటాడక్కా" అన్నాను. నవ్వలేదు. బావ లోపలికెళ్ళి, పిల్ల ఫైలు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, అక్కడే నిలబడ్డాడు. ఆమె తెరవలేదు. "వద్దు. మీ మాట నమ్మాలి నేను. లేకపోతే ఇంక బతకలేను" అంది. ఫైలు తిరిగి అతనికిచ్చి, "లోపలే దిగుదాం. ఆసుపత్రి పక్కన గది తీసుకుంటే రెండు రోజులూ ఆసుపత్రినే చూస్తూ కూర్చుంటాను. వీడు కూడా రావాలి" అని నన్ను చూపించింది. అలా మా ఇంట్లో ఆ సమస్య తేలింది. పిన్నికి అమ్మ ఏదో చెప్పుకుంది. ఏం చెప్పిందో ఇప్పటికీ అడగలేదు.

పార్కు గొప్పగా ఉంది. మా మేనకోడలికి అందులో ఎక్కడానికి అర్హత ఉన్నవి దాదాపు ఏవీ లేవు; ప్రతి ఆట దగ్గరా ఎత్తు కొలిచే కర్ర ఒకటి ఉంది, ఇది దాని మోకాలి దాకా కూడా రాలేదు. దానికి నచ్చినవి రెండే, హోటలు లిఫ్టూ, బాత్రూములో మగ్గూ. రెండో రోజు మధ్యాహ్నం బొమ్మల రైలు దగ్గర వరుసలో ఉండగా అక్క అరచేయి ఆగిపోయింది. "వెచ్చగా ఉంది" అంది. ఎండ అక్కా, అన్నాను. నేను కూడా చేయి పెట్టి చూశాను. ఎండ కాదు.

బ్యాటరీ బండి ఆపి ఎక్కాం. నిమిషాల్లోనే గది వచ్చింది. సిరప్పు పట్టించి, బట్టలు విప్పి, గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి అక్క ఒళ్ళు తుడుస్తోంది. బావ కింద రిసెప్షనులో చెప్పి హోటలు కారు గుమ్మం ముందు పెట్టించాడు, ప్రథమ చికిత్స గది నుంచి నర్సును పిలుచుకొచ్చాడు. ఆమె జ్వరం చూసి, "మందు పని చెయ్యనివ్వండమ్మా. నేను మళ్ళీ వచ్చి చూస్తానండి" అంది. పిల్ల మూలిగింది, కాళ్ళు ముడుచుకుంది. అది కాలు ముడిచినప్పుడల్లా మా ముగ్గురి ఊపిరీ ఆగేది. కిటికీ అవతల పెద్ద ఊయల మీద జనం కేకలు పెడుతున్నారు. భయపడటానికి టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళు. మాకది ఊరికే దొరికింది.

ఎంతసేపు గడిచిందో, పిల్ల మెడ వెనక చెమట పట్టింది. నర్సు రెండోసారి వచ్చి తగ్గుతోందంది. అది తల్లి వైపు తిరిగి నిద్రపోయింది. అక్క మంచం తలాపికి ఆనుకుని కూర్చుంది, చేయి నుదుటి మీదే. ఆ చేయి మెల్లగా బరువెక్కడం, మెడ వాలడం చూశాను. ఉలిక్కిపడుతుందనుకున్నాను. పడలేదు. అలాగే జారి, పక్కకు ఒరిగి, కాళ్ళు చాపుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆమె పడుకోవడం నేను చూసి చాలా రోజులైంది. బావ, నేను మొహమొహాలు చూసుకున్నాం. జారిపోయిన ఆమె చేతి చోట నా చేయి పెట్టాను. కింద నుంచి డ్రైవరు ఫోను చేసి, "సార్, వెళ్తున్నామా అండి?" అన్నాడు. "కాస్త ఉండండి" అని బావ గుసగుసగా చెప్పాడు. సాయంత్రం మాకు మిగిలిన ఆటలన్నీ ఒక్కొక్కటే మూసేశారు. ముగింపు పాట మైకులో వినిపించింది. అక్క లేవలేదు. నా చేయి తిమ్మిరెక్కింది, తీస్తే ఇద్దరూ లేస్తారేమోనని అలాగే ఉంచాను. హాస్యానికి నాకు ఎన్నో అవకాశాలు కనిపించాయి గానీ, చెప్పడానికి మెలకువగా ఉన్నది బావ ఒక్కడే, అతను కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ రోజు ఫిట్స్ రాలేదు. ఆ మరుసటి వానాకాలంలో బాపట్లలో ఒకసారి వచ్చింది. అక్క పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, అది సర్దుకున్నాక నాకు ఫోను చేసింది. ఇప్పుడు నడుం వాలుస్తోంది, రోజూ కాకపోయినా. డాక్టరు చెప్పిన వయసు ఇంకా రాలేదు. కాలం గడిస్తే అదే తగ్గిపోతుందని అందరూ చెప్తారు, నిజమే అయి ఉంటుంది కూడా. కానీ ఆ గడవాల్సిన కాలం పొడుగునా ఎవరో ఒకరు దాని నుదుటి మీద చేయి పెట్టుకుని కూర్చోవాలి.