పదహారు గామాల మెట్టు

1965 చలికాలం. జగిత్యాల నుంచి కొండగట్టుకు వచ్చే దారికి కాస్త ఎడంగా, కోతలైపోయిన ఒక పొలంలో మా గ్రౌండ్ స్టేషన్ ఉండేది. పేరు పెద్దదే కానీ ఉన్నది ఒక గుడారం, దానికి ముప్పై గజాల దూరంలో ఒక్క మేకు కూడా వాడకుండా వెదురు తడికలతో కట్టిన చిన్న గుడిసె. గుడిసెలో మాగ్నెటోమీటర్, అంటే భూమికుండే అయస్కాంత బలాన్ని కొలిచే పరికరం. దాని తీగ గుడారంలోని రికార్డర్‌కు వచ్చేది. రికార్డర్ కాగితం మీద గీత గీస్తుంటే కాపలా కాయడం నా ఉద్యోగం. అప్పటికి నాది టెంపరరీ పోస్టు.

అసలు పని పైన జరిగేది. హైదరాబాదు నుంచి ఒక డకోటా విమానం వచ్చి, పొలం దున్నినట్టు సాలు పక్కన సాలుగా, తక్కువ ఎత్తులో ఆదిలాబాద్ అడవుల దాకా తిరిగేది. దానిలోనూ మాగ్నెటోమీటరే. కింద ఇనుపరాయి ఉంటే దాని గీత లేస్తుంది. అయితే భూమి బలం కూడా ఎండతోపాటు మారుతూ ఉంటుంది. పొద్దున మొదలై మధ్యాహ్నానికి పెరిగి, సాయంత్రానికి తగ్గుతుంది. ఆ మార్పు ఎంతో నా కాగితం చెబితే, విమానం లెక్కలోంచి దాన్ని తీసేస్తారు. నా గీత తప్పయితే పైవాళ్ల గీతా తప్పే.

రెండో వారంలో నా గీతకు ఒక మెట్టు వచ్చింది. నున్నగా పోతున్న గీత ఒక్కసారి పదహారు గామాలు లేచి, గంటో గంటన్నరో అలాగే సాగి, మళ్లీ ఒక్కసారి దిగింది. గామా అంటే చాలా చిన్న కొలత. మొత్తం భూమి బలం నలభై వేల గామాల పైచిలుకు. కానీ మేం వెతికేది ఆ చిన్న తేడాలనే. ప్రకృతిలో వచ్చే మార్పు మెల్లగా ఎక్కుతుంది, లేదా వణుకుతుంది. ఇలా మెట్టు కట్టదు.

మరింత వింతేమిటంటే, విమానం ఎగిరిన రోజే మెట్టు వచ్చేది. ఎగరని రోజు గీత శుభ్రంగా ఉండేది. వైర్‌లెస్ వల్లనేమోనని దాన్ని ఆపి చూశాను. బ్యాటరీలు మార్చాను. తాళంచెవులు, బెల్టు గుడారానికి దూరంగా పెట్టి వచ్చాను. అయినా మెట్టు తప్పలేదు. మా జియోఫిజిసిస్ట్ శర్మగారు హైదరాబాదులో నా కాగితాలు చూసి, కారణం తేలకపోతే ఆ రోజుల ఫ్లైట్లన్నీ కొట్టేసి మళ్లీ ఎగరాల్సి వస్తుందని కబురు పంపారు. అజాగ్రత్త నాదని తేలితే ఏమవుతుందో ఆయన రాయలేదు. రాయనక్కర్లేకుండానే నాకు అర్థమైంది.

మర్నాడు విమానం చప్పుడు వినగానే కళ్లు పెన్ను మీదే పెట్టాను. పెన్ను ఎగిరింది. ఎగిరిన క్షణమే గుడారం వదిలి, గుడిసె చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్లాను. నా గుడారం నుంచి కనబడని ఆ నీడలో, తడికకు వీపు ఆనించి ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన గొంగడి ముక్కలో ఒక మూట. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

"తాతా, గా మూటల ఏమున్నది?" అన్నాను.

ఆయన లేచి నిలబడి మూట విప్పాడు. నల్లటి రాయి, రెండు పిడికిళ్లంత. నా చొక్కాకు గుండీ ఊడిన చోట గుచ్చుకున్న పిన్నీసు తీసి దగ్గర పెడితే టక్కున అతుక్కుంది. ఇంత అయస్కాంతమున్న రాయిని నేను పుస్తకంలోనే చదివాను.

ఆయన పేరు లింగయ్య, ఆ ఊరి కమ్మరి. వాళ్ల తాత అటు కనబడే గుట్ట నుంచి ఈ రాయి తెచ్చి, కొలిమిలో కరిగించి ఇనుము తీసేవాడట. రైల్లో మంచిర్యాలకు ఇనుము దిగడం మొదలైనాక ఆ కొలిములు చల్లారాయి. గాలిమోటరు ఇనుము కోసమే తిరుగుతోందని ఊళ్లో ఎవరో చెప్పగా విని, చప్పుడు వచ్చినప్పుడల్లా రాయి పట్టుకుని వస్తున్నాడు.

"ఒక్కదినమన్న గీడ దిగుతదేమో, నడిపేటాయన చేతుల పెడదామనుకున్న సారూ. మా గుట్ట మీదికెల్లి పోతుండ్రు గని ఆగుతలేరు. కనబడలేదేమో అని ఒకటే ఫికరు."

నిజం రాస్తే గుడిసెను గమనించుకోలేదని ఒప్పుకున్నట్టే. రాత్రంతా తటపటాయించి, పొద్దున ఉన్నదున్నట్టు రాసి పంపాను. మూడోరోజు జీపులో శర్మగారే దిగారు. నన్ను తిట్టలేదు. రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయన రోజూ ఒకే చోట కూర్చుంటాడా?" అని అడిగారు.

లింగయ్యను పిలిపించి, రోజూ కూర్చున్నట్టే కూర్చోమన్నాం. ఆయన తడికకు ఆనుకుని, మూటను కుడిచేతి పక్కన పెట్టుకున్నాడు. గుడారంలో పెన్ను లేచింది. పదహారు. లేచి వెళ్లమంటే దిగింది. అలా ఆరుసార్లు చేశాం. ప్రతిసారీ మెట్టు పదహారే, అటూ ఇటూ రెండు గామాలకు మించి తేడా రాలేదు. ఇక మెట్టును లెక్కలోంచి తీసేయవచ్చు. ఒక్క ఫ్లైటు కూడా కొట్టేయనక్కర్లేదు. ఎందుకు కూర్చుంటున్నాడో, లేస్తున్నాడో తెలియకపోయినా ఆయన ఎంతో శ్రద్ధగా చేశాడు.

తర్వాత శర్మగారు విమానం కాగితం తెరిచారు. ఆ గుట్ట మీద గీత నిటారుగా లేచి ఉంది. మర్నాడు లింగయ్యతో కలిసి ముగ్గురం ఆ గుట్ట ఎక్కాం. రాయి ఉంది. కానీ సన్నటి పట్టీ, కొంతదూరం పోయి మట్టిలో కలిసిపోయింది. గని తవ్వడానికి చాలదని శర్మగారు అక్కడే నాతో ఇంగ్లీషులో తేల్చి చెప్పారు. లింగయ్యకు చెప్పే పని నా మీద పడింది.

లింగయ్య విని, "ఎంత ఉంటె ఉన్నట్టు సారూ?" అన్నాడు. మీ రాయిని విమానం మొదటిరోజే చూసింది, కాగితం మీద ఉంది అని మాత్రం చెప్పాను. చూపించమన్నాడు. మ్యాపు పరిచి వేలు పెట్టాను. అక్కడ ఒక గుండ్రటి గీత, పక్కన నంబరు.

"గిది మా గుట్టేనా? పేరు రాయలేదు?"

పేరేమిటని అడగాలని అంతవరకూ మాలో ఎవరికీ తోచలేదు. చిట్టెంగుట్ట, అన్నాడు. ఇనుము కరిగించినాక మిగిలే మడ్డిని చిట్టెం అంటారు. అక్కడ ఇనుము తీసేవారని చెప్పడానికి ఆ పేరు ఒక్కటే చాలు. విమానం అక్కర్లేకుండానే ఆ ఊరికి తెలిసిన సంగతి అది.

నంబరు పక్కన పెన్సిలుతో ఆ పేరు రాశాను. శర్మగారు చూసి, దాని మీద సిరాతో దిద్దారు. తర్వాత ఎన్నో జిల్లాల్లో పనిచేశాను. ఎక్కడ గుడారం వేసినా పరికరం పెట్టెలు విప్పకముందే ఊళ్లోకి వెళ్లి చుట్టూ ఉన్న గుట్టల పేర్లు అడిగి రాసుకునేవాణ్ణి.